రెండు సీట్లు, దాదాపు ఒకే డిగ్రీ: ఎకనామిక్స్ ఎక్కడ చదవాలి?

సందిగ్ధం

అందరికీ నమస్కారం. ఎకనామిక్స్ డిగ్రీకి నాకు రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. పేర్లు చెబితే రెండింటి అభిమానులూ వచ్చి ఇక్కడే కొట్టుకుంటారు కాబట్టి ‘క’ అనీ ‘చ’ అనీ అంటాను. రెండూ మూడేళ్ల కోర్సులే, ఫీజు ఇంచుమించు ఒకటే. మొదటి ఏడాది పేపర్లు చూస్తే ఒకరిది చూసి ఇంకొకరు రాసుకున్నారా అనిపిస్తుంది: మైక్రో, మాక్రో, లెక్కలు, స్టాటిస్టిక్స్, ఒక ఎకనామిక్ హిస్టరీ. సబ్జెక్టు ర్యాంకుల్లో ‘క’ ఏడు మెట్లు పైనుంది. ‘చ’లో ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటు బిజినెస్ స్కూల్లో ఉంది, ‘క’లో సోషల్ సైన్సెస్‌లో. అంతకు మించి తేడా నాకు కనబడటం లేదు. మూడు వారాలుగా చదివి చదివి బ్రోషర్లు రెండూ కంఠతా వచ్చేశాయి. చెప్పాల్సిన గడువు ఇంకా పన్నెండు రోజులు. డిగ్రీ తర్వాత మాస్టర్స్ చేయాలని ఉంది, మంచి ఉద్యోగం వస్తే అదీ వద్దనను.

గిరాకీ_సరఫరా

ఏడు మెట్లు పైనున్నది తీసుకో. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

బొమ్మాబొరుసు

నాణెం ఎగరెయ్. వెటకారం కాదు, నిజంగానే చెబుతున్నా. రెండూ సమానమని నువ్వే అంటున్నావు. అంటే ఇన్‌డిఫరెన్స్ కర్వ్ మీద కూర్చున్నావు, ఏ బిందువైనా ఒకటే. దీని మీద పరిశోధన కూడా ఉంది. ఎటూ తేల్చుకోలేనివాళ్ల కోసం స్టీవెన్ లెవిట్ అనే ఎకనామిస్టు ఒక వెబ్‌సైటు పెట్టి నాణేలు ఎగరేయించాడు. 20,000కు పైగా ఎగిరాయి. నాణెం మాట విని మార్పు చేసుకున్నవాళ్లు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నారని తేలింది.

రిగ్రెషన్_రాణి

ఆ పేపరు నేనూ చదివాను. అది ఉన్నదాన్ని వదిలేయాలా వద్దా అన్న ప్రశ్న మీద: ఉద్యోగం మానేయడం, ప్రేమ తెంచుకోవడం, అలాంటివి. ఉన్నచోటే ఉండిపోయే బద్ధకం మనుషులకు మరీ ఎక్కువని దాన్నుంచి అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ తమ్ముడు వదిలేయడానికి ఇంకా దేంట్లోనూ చేరలేదు. రెండు కొత్త దారుల మధ్య ఆ ఫలితం ఏమీ చెప్పదు.

బొమ్మాబొరుసు

సరే అక్కా, ఒప్పుకున్నా. నాణెం జేబులో పెట్టేశా.

పాతకాపు

నేను ఎకనామిక్స్‌లో డిగ్రీ, మాస్టర్స్ చేసి, కొన్నాళ్లు ట్యుటోరియళ్లు చెప్పినవాణ్ని. నువ్వు చూడకూడని చోట చూస్తున్నావు తమ్ముడూ. మొదటి ఏడాది ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. సబ్జెక్టు అలాంటిది. గిరాకీ, సరఫరా, జీడీపీ లెక్క, డిఫరెన్షియేషన్, సగటు, వేరియన్స్... వీటిని ఎవరూ ఇంకో రకంగా చెప్పలేరు. పైగా చాలాచోట్ల మొదటి ఏడాది మార్కులు డిగ్రీ ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా అన్న లెక్కలోకే రావు. తేడా అంతా రెండో ఏడాదిలో మొదలై మూడో ఏడాదిలో బయటపడుతుంది. బ్రోషర్ పక్కన పడేసి, రెండు చోట్లా రెండో ఏడాది కంపల్సరీ పేపర్ల సిలబస్ వారంవారీగా తెరిచి చూడు.

ముందు ఎకనోమెట్రిక్స్ తెరువు, అంటే అంకెలతో ఆర్థిక ప్రశ్నలు తేల్చే పేపరు. అది ఒక సెమిస్టరా, రెండా? రిగ్రెషన్ దగ్గరే, అంటే ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో లెక్కగట్టడం దగ్గరే ఆగిపోయిందా? ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్, డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్, ప్యానెల్ డేటా లాంటి, అసలు కారణమేదో తేల్చే పద్ధతుల వరకు వెళ్తుందా? 2021లో కార్డ్, యాంగ్రిస్ట్, ఇంబెన్స్‌లకు నోబెల్ వచ్చింది ఈ దారిలో చేసిన పనికే. ఇప్పుడు పరిశోధనలోనైనా, సెంట్రల్ బ్యాంకులోనైనా, కన్సల్టింగ్‌లోనైనా ‘దీనివల్ల అది జరిగిందని నీకెలా తెలుసు?’ అన్న ప్రశ్న తప్పదు. దానికి జవాబు చెప్పడం డిగ్రీలోనే నేర్పేది ఒక చోట, ‘మాస్టర్స్‌లో చూసుకుందువులే’ అనేది ఇంకో చోట. ర్యాంకు పట్టిక చూస్తే ఈ తేడా తెలియదు.

తర్వాత లెక్కలు. మొదటి ఏడాది లెక్కల పేపరు అయ్యాక ఇంకేమైనా ఉందా? మ్యాథ్స్ డిపార్ట్‌మెంటు నుంచి లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌ను ప్రూఫులతో చెప్పే పేపరు) తీసుకోనిస్తారా? పీహెచ్‌డీ వైపు కాస్తయినా మనసుంటే రియల్ అనాలిసిస్ ఉండటం చాలా పెద్ద తేడా. మార్కుల జాబితాలో అది కనబడకపోతే మంచి ప్రోగ్రాములు అనుమానంగా చూస్తాయి.

ఇంకొకటి, నా అనుభవం. నేను చేరిన చోట బిహేవియరల్ ఎకనామిక్స్ ఎలెక్టివ్ ఉందని బ్రోషర్‌లో చూసి మురిసిపోయి చేరాను. మూడేళ్లూ అది జరగలేదు. ఆ పేపరు చెప్పే ప్రొఫెసర్ సెలవులో ఉన్నారట. జాబితాలో పేరుండటం వేరు, క్లాసు జరగడం వేరు. కాబట్టి ‘ఈ ఎలెక్టివ్‌లలో గత రెండేళ్లలో నిజంగా నడిచినవి ఏవి?’ అని ఈమెయిల్ పెట్టి అడుగు. సిగ్గుపడకు.

గిరాకీ_సరఫరా

ఇవన్నీ బాగానే ఉన్నాయి అన్నా. కానీ రెజ్యూమె చూసేవాడు సిలబస్ చూడడు, పేరు చూస్తాడు. ర్యాంకు అంటే పేరు.

రిగ్రెషన్_రాణి

ర్యాంకు లోపల ఏముందో చూశావా? క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే ప్రపంచ ర్యాంకుల్లో ప్రొఫెసర్ల సర్వే నుంచి వచ్చే ‘పేరు’కే చాలా ఏళ్లపాటు 40 శాతం బరువు ఉండేది. 2024 ఎడిషన్‌లో దాన్ని 30కి తగ్గించి, ఉద్యోగమిచ్చేవాళ్ల అభిప్రాయానికి 10 నుంచి 15 చేశారు. బరువులు మారిస్తే మెట్లు మారతాయి. ఆ ఏడాది ఏ యూనివర్సిటీలోనూ పాఠం చెప్పే పద్ధతి రాత్రికి రాత్రి మారలేదు కదా. కొలంబియా యూనివర్సిటీ సంగతి గుర్తుందా? అమెరికాలో పేరున్న ఒక పట్టికలో 2వ స్థానంలో ఉండేది. యూనివర్సిటీ ఇచ్చిన అంకెలు సరిగ్గా లేవని అక్కడి లెక్కల ప్రొఫెసర్ ఒకాయనే 2022లో చూపించాక 18కి దిగింది. అదే బిల్డింగులు, అదే పాఠాలు.

ఏడు మెట్లంటే ఆ కొలతలో ఎలాగూ ఉండే పొరపాటు పరిధిలోనే పడుతుంది. అరవై మెట్ల తేడా అయితే నేనూ ఆలోచించమనేదాన్నే.

గిరాకీ_సరఫరా

ఊరికే వాదించడం కాదు. ర్యాంకు అబద్ధమే అనుకుందాం. జనం నమ్ముతున్నారు కదా! అందరూ నమ్మే అబద్ధానికి బజారులో విలువుంటుంది. కాలేజీ పేరే మన ప్రతిభకు గుర్తుగా చెల్లడం, సిగ్నలింగ్ అంటే అదేగా?

పాతకాపు

మంచి ప్రశ్నే. దాని మీదా పని జరిగింది. 2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ ఒక పేపరు వేశారు. పేరున్న కాలేజీల్లో చదివినవాళ్ల జీతాలు ఎక్కువని అందరికీ తెలుసు. అది కాలేజీ వల్లనా, ముందే తెలివైనవాళ్లు అక్కడికి వెళ్లడం వల్లనా? ఒకే రకం కాలేజీల్లో సీటొచ్చి, వాటిలో కొందరు పెద్ద పేరున్నదానికి, కొందరు తక్కువ పేరున్నదానికి వెళ్లినవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. అంటే సరిగ్గా సందిగ్ధం లాంటివాళ్లనే! జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ కలిసొచ్చింది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో చేసిన పనిలో, ఐవీ లీగ్ (అమెరికాలో హార్వర్డ్, యేల్ లాంటివి) స్థాయి కాలేజీకి వెళ్తే సగటు జీతం అంతగా పెరగలేదు గానీ, ఆదాయంలో అందరికంటే పైనుండే 1 శాతంలో చేరే అవకాశం బాగా పెరిగిందని తేలింది. కానీ అక్కడ పోలిక ఐవీ కాలేజీలకూ మంచి ప్రభుత్వ యూనివర్సిటీలకూ మధ్య. ఏడు మెట్ల తేడా ఉన్న రెండు అక్కాచెల్లెళ్ల మధ్య కాదు.

నోబెల్_పిచ్చి

2021 నోబెల్ ముగ్గురూ డిగ్రీ ఎక్కడ చేశారో తెలుసా? కార్డ్ కెనడాలో క్వీన్స్, యాంగ్రిస్ట్ ఓబర్లిన్ అనే చిన్న కాలేజీ, ఇంబెన్స్ రోటర్‌డ్యామ్‌లో ఎరాస్మస్. హార్వర్డ్ లేదు, ఎంఐటీ లేదు. ఇక చర్చ ముగిసింది.

రిగ్రెషన్_రాణి

ముగ్గుర్ని చూపించి సూత్రం చెప్పినందుకు ఆ ముగ్గురే నీకు సున్నా వేస్తారు.

ఒక_అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయికీ వచ్చే ఏడాది ఇదే పరీక్ష ఉంది, అందుకే చదువుతున్నాను. బిజినెస్ స్కూల్లో ఎకనామిక్స్ అంటే అది ‘అసలు’ ఎకనామిక్స్ కాదని మా బంధువు ఒకరు తేల్చి చెప్పేశారు. నిజమేనా?

పాతకాపు

నమస్కారమండీ. గోడ మీది బోర్డుతో చదువు మారదు. డిపార్ట్‌మెంటు ఎక్కడుందన్నది రెండు విషయాల్లోనే తేడా తెస్తుంది. మొదటిది, బయటి పేపర్లు ఏవి సులువుగా దొరుకుతాయన్నది. బిజినెస్ స్కూల్లో అయితే అకౌంటింగ్, ఫైనాన్స్. సోషల్ సైన్సెస్‌లో అయితే రాజనీతి, సోషియాలజీ, చరిత్ర. రెండోది ఇంటర్న్‌షిప్ చూసిపెట్టే ఆఫీసు. బిజినెస్ స్కూళ్లకు సాధారణంగా సొంతంగా ఒకటుంటుంది, అది కొంచెం చురుగ్గానే ఉంటుంది. అంతే. మైక్రో పేపర్లో సమీకరణాలుంటే అది ఎకనామిక్సే. అవి తీసేసి ‘మేనేజర్ల కోసం’ అని కథలు చెబితే అప్పుడు మీ బంధువు మాట నిజం. సిలబస్ తెరిస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

దూరపుకొండ

అమెరికాలో చదవాలనుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. అక్కడ ప్రతి డిగ్రీకీ ప్రభుత్వ కోడ్ ఒకటి ఉంటుంది. మామూలు ఎకనామిక్స్ 45.0601, ‘ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్’ 45.0603. రెండోది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంది, మొదటిది లేదు. విదేశీ విద్యార్థికి చదువయ్యాక 12 నెలలు పనిచేసుకునే వీలు అందరికీ ఉన్నదే. స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. డిగ్రీ పేరు రెండు చోట్లా ఎకనామిక్సే, కోడ్ మాత్రం వేరు కావచ్చు. చాలామంది చేరాక తెలుసుకుని తల పట్టుకుంటారు. వీసా రూల్సు మారుతుంటాయి కాబట్టి చేరే ఏడాదే సరిచూసుకోవాలి.

సందిగ్ధం

నాకు రెండూ అమెరికాలో కాదు, అయినా థాంక్స్. పాతకాపు అన్నా, మీరు చెప్పినట్టే రెండు చోట్లకీ ఈమెయిల్ పెడుతున్నాను. డ్రాఫ్టు ఇది, చూసి చెప్పండి:

‘నాకు మీ దగ్గర ఎకనామిక్స్‌లో సీటొచ్చింది. రెండో ఏడాది ఎకనోమెట్రిక్స్ వారంవారీ సిలబస్ పంపగలరా? మూడో ఏడాది ఎలెక్టివ్‌లలో గత రెండేళ్లలో నడిచినవి ఏవి, ఒక్కోదాంట్లో ఎంతమందికి అవకాశం ఉంటుంది? ఎకనామిక్స్ విద్యార్థులు మ్యాథ్స్ డిపార్ట్‌మెంటు నుంచి రియల్ అనాలిసిస్ తీసుకోవచ్చా? డిసర్టేషన్ (సొంతంగా రాసే పరిశోధన వ్యాసం) కంపల్సరీయా? ట్యుటోరియల్ ఎంతమందికి ఒకటి?’

పాతకాపు

బాగుంది. ‘తీసుకోవచ్చా’ అని వదిలేయకు. ‘గత ఏడాది ఎవరైనా తీసుకున్నారా’ అని అడుగు. కాగితం మీద వీలున్నా టైమ్‌టేబుల్లో రెండు క్లాసులూ ఒకే గంటలో పడతాయి. అది ఎవరూ ముందుగా చెప్పరు.

చరిత్రకారుడు

అందరూ లెక్కలు, లెక్కలు అంటున్నారు. నేనొక్కణ్ని అడ్డం తిరుగుతాను. ఎకనామిక్స్ చదవాలనుకునేవాళ్లలో సగంమంది దేశాలు ఎందుకు పేదవయ్యాయి, ధరలు ఎందుకు పెరుగుతాయి, 2008లో అంత పెద్ద కుప్పకూలడం ఎలా జరిగింది అన్న ఆసక్తితో వస్తారు. చేరాక మూడేళ్లూ లగ్రాంజియన్‌లనే లెక్కలు సాధిస్తూ కూర్చుంటారు. 2011లో హార్వర్డ్‌లో కొందరు పిల్లలు ఇంట్రడక్టరీ ఎకనామిక్స్ క్లాసు నుంచి లేచి బయటికి వెళ్లిపోయారు. మాంచెస్టర్ విద్యార్థులు 2012లో ‘పోస్ట్ క్రాష్ ఎకనామిక్స్ సొసైటీ’ అని పెట్టుకుని సిలబస్ మార్చమన్నారు. సంక్షోభాన్ని చూస్తూ పెరిగినవాళ్లకు క్లాసులో సంక్షోభం కనబడలేదు, అదీ వాళ్ల బాధ. ఆర్థిక చరిత్ర, ఆర్థిక ఆలోచనల చరిత్ర, డెవలప్‌మెంట్ పేపర్లు ఎక్కడ గట్టిగా ఉన్నాయో కూడా చూడండి. పద్ధతి వచ్చి, అడగాల్సిన ప్రశ్న లేకపోతే ఏం లాభం?

రిగ్రెషన్_రాణి

ప్రశ్న ఉండి పద్ధతి రాకపోతే మాత్రం? పేపర్లో కాలమ్ రాసుకోవాలి.

చరిత్రకారుడు

కాలమ్ రాయడం అంత తేలిక కాదు లెండి.

సందిగ్ధం

నాలుగు రోజులయింది. జవాబులొచ్చాయి. ‘చ’ నుంచి మర్నాడే వచ్చింది, సిలబస్‌తో సహా. ‘క’ ముందు బ్రోషర్ లింకే మళ్లీ పంపింది. ఇంకోసారి అడిగితే అసలు జవాబొచ్చింది.

నేను కవలలనుకున్నవి కవలలు కావు.

‘క’లో ఎకనోమెట్రిక్స్ ఒక్క సెమిస్టరే కంపల్సరీ. సాధారణ రిగ్రెషన్, దాని లోపాలు, అక్కడితో సరి. మిగతాది మూడో ఏడాదిలో ఎలెక్టివ్. మ్యాథ్స్ డిపార్ట్‌మెంటు పేపర్లు ‘సూత్రప్రాయంగా’ తీసుకోవచ్చట, గత ఏడాది ఎవరూ తీసుకోలేదట. అన్న చెప్పింది అక్షరాలా నిజమయింది. ఎలెక్టివ్‌లు మాత్రం ‘క’లో కళ్లు చెదిరేలా ఉన్నాయి: డెవలప్‌మెంట్ రెండు పేపర్లు, ఆర్థిక చరిత్ర మూడు, ఆలోచనల చరిత్ర ఒకటి. అన్నీ రెండేళ్లూ నడిచాయి.

‘చ’లో ఎకనోమెట్రిక్స్ రెండు సెమిస్టర్లు కంపల్సరీ, ఆర్ అనే కంప్యూటర్ భాషలో ల్యాబులు. మొదటి ఏడాది లెక్కల్లో 65 దాటితే రియల్ అనాలిసిస్ తీసుకోవచ్చు, గత ఏడాది తొమ్మిదిమంది తీసుకున్నారు. డిసర్టేషన్ తప్పనిసరి. ఎలెక్టివ్‌లు సగం ఫైనాన్సే. డెవలప్‌మెంట్ ఒక్కటే ఒక్కటి.

చిక్కేమిటంటే, ఇదంతా చదువుతుంటే నాకు నిజంగా ఇష్టమైనది డెవలప్‌మెంట్ అని తెలిసొచ్చింది. అది ఎక్కువున్నది ‘క’లో. లెక్కలు గట్టిగా ఉన్నది ‘చ’లో. మళ్లీ మొదటికొచ్చాను.

గిరాకీ_సరఫరా

‘క’. ర్యాంకూ ఉంది, ఇష్టమూ ఉంది. ఈసారైనా నా మాట వినండి.

పాతకాపు

మొదటికేం రాలేదు. మొదట్లో రెండూ ఒకటే అన్నావు, ఇప్పుడు ఏది వదులుకుంటున్నావో తెలుసు. ఇప్పుడే నిజంగా ఎకనామిక్స్ చేస్తున్నావు.

డెవలప్‌మెంట్ ఈ రోజుల్లో ఎలా జరుగుతుందో చూడు. 2019లో బెనర్జీ, డుఫ్లో, క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది దేనికి? ఊళ్లలో, బడుల్లో యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, ఒకదానికి ఒక పథకం ఇచ్చి, రెండో దానితో పోల్చి చూసే ప్రయోగాలకు. ఆ పేపరు ఏది తెరిచినా రెండో పేజీకల్లా ఎకనోమెట్రిక్స్ వస్తుంది. డెవలప్‌మెంట్ చరిత్ర, వాదాలు లైబ్రరీలో కూర్చుని నీ అంతట నువ్వు చదువుకోగలవు. రిగ్రెషన్ ఎక్కడ అబద్ధం చెబుతుందో, ప్రూఫ్ ఎలా రాయాలో ఒక్కడివే కూర్చుని నేర్చుకోవడం చాలా కష్టం. ఎవరో ఒకరు ఎర్ర పెన్నుతో దిద్దాలి. దిద్దేవాళ్లు దొరకనిదాన్ని క్లాసులో నేర్చుకో. డిసర్టేషన్ ఎలాగూ తప్పనిసరి అంటున్నావు, దాన్ని డెవలప్‌మెంట్ మీద రాసుకో.

చరిత్రకారుడు

నేను పూర్తిగా ఒప్పుకోను. ఆర్థిక చరిత్రను లైబ్రరీలో ఒంటరిగా చదవడం అంత సులువని ఎవరన్నారు? ఎర్ర పెన్ను దానికీ కావాలి. పైగా ‘చ’లో ఆ ఒక్క డెవలప్‌మెంట్ పేపరు చెప్పేవారు సెలవు పెడితే? అది అడగండి, ఇద్దరు చెప్పగలిగేవాళ్లు ఉన్నారా అని. ఉంటే ‘చ’కి వెళ్లండి, నేను అడ్డు చెప్పను.

ఒక_అమ్మ

ఏదో ఒకటి తేల్చెయ్ బాబూ, నాకే టెన్షన్‌గా ఉంది.

సందిగ్ధం

అడిగానండీ. ఇద్దరున్నారు. ఒకరు పదేళ్లుగా అదే పేపరు చెబుతున్నారు, రెండో ఆవిడ కిందటేడు చేరారు, పంటల బీమా మీద పనిచేస్తారట.

ఈ పొద్దున ‘చ’కి వస్తున్నానని రాసేశాను. నాన్నకి ఏడు మెట్ల సంగతి వివరించడానికి గంట పట్టింది. ఆయన కూడా గిరాకీ_సరఫరా పార్టీనే.

గిరాకీ_సరఫరా

మీ నాన్నగారికి నా నమస్కారాలు.

సందిగ్ధం

చివరగా ఒకటి. చేరడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ 65 దాటాలంటే ఇప్పటినుంచీ ఏం చేయాలి?

రిగ్రెషన్_రాణి

కొత్తవేవీ మొదలుపెట్టకు. ఇంటర్‌లో చేసిన డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ చెయ్యి ఆడేదాకా మళ్లీ చెయ్యి. మూడు వరసల మ్యాట్రిక్సులు కాగితం మీద గుణించు, ఇన్‌వర్స్ తియ్యి, కాలిక్యులేటర్ ముట్టుకోకు. ప్రాబబిలిటీలో బేయస్ సూత్రం అర్థమయ్యేదాకా వదలకు. ఆ తర్వాత టైముంటే చిన్న చిన్న ప్రూఫులు: రెండు సరిసంఖ్యల మొత్తం సరిసంఖ్య అని, రూట్ 2 అకరణీయం కాదని. అనాలిసిస్‌లో చాలామంది దెబ్బతినేది కష్టమైన లెక్క దగ్గర కాదు. ‘ప్రతి దానికీ ఒకటి ఉంటుంది’ అన్న వాక్యానికీ, ‘అన్నిటికీ సరిపోయేది ఒకటి ఉంటుంది’ అన్న వాక్యానికీ తేడా పట్టుకోలేక.

బొమ్మాబొరుసు

అక్కా, నాకు కూడా ఆ రెంటికీ తేడా ఏమిటో చెప్పవా?

రిగ్రెషన్_రాణి

ప్రతి తాళానికీ ఒక తాళంచెవి ఉంటుంది. అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి ఒకటి ఉండటం వేరే సంగతి.